కొట్టం మట్టి, మోరీ బురద

నా చిన్నప్పుడు నా చేతికి పలక ఇవ్వలేదు, తమ్ముణ్ని ఇచ్చారు. నార్సింగిలో మాకు బర్రెలుండేవి. అమ్మానాన్నలు పాలు పోయడానికి వెళ్తే ఆ పసివాణ్ని చంకనేసుకుని తిరగడమే నా చదువు. అరవై దాటాక మా కోడలు పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించింది. అందుకే ఈ సంగతి ఇప్పటికి రాయగలుగుతున్నాను. కోపంతోనే రాస్తున్నాను.

మా నాయనమ్మ పాలు పిండేటప్పుడు తమ్ముణ్ని కొట్టంలో గోనెపట్టా మీద దించమనేది. దూడ వాడి కాళ్లు నాకేది. వాడు గడ్డిపరకలు, మట్టి నోట్లో పెట్టుకున్నా ఆమె చూసీ చూడనట్టుండేది. ఒకరోజు ఇంటి వెనక మోరీ పక్కన దించితే మాత్రం నా వీపు మోగించింది.

"ఆడ మట్టే, ఈడ మట్టే, నన్నెందుకు కొట్టినవ్?" అని ఏడ్చాను.

ఆమె నా మెడ వంచి మోరీ చూపించింది. "వాసన చూడు. ఇండ్లల్ల మురికంతా గీడికే వస్తది. పక్కింటి పసిపిల్ల వాంతులు, బేదులై ఎట్ల పోయింది, మర్చినవా? కొట్టంల మట్టితోని పోరడు పెరుగుతడు, గీ బురదతోని పోతడు."

వీపు మంట ఆనాడే చల్లారింది. ఏది మట్టో ఏది మురికో అన్న ఎరుక మాత్రం నాతోనే ఉంది.

ఇప్పుడు తెల్లాపూర్‌లో కొడుకు దగ్గర, పన్నెండో అంతస్తులో ఉంటున్నాను. పెద్ద మనవడు మందునీళ్లతో తుడిచిన బండల మీదే పెరిగాడు. వాడికి ఆయాసం, పిల్లికూతలు. మొన్న దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది: పసితనంలో మట్టి, పశువులు, తోటి పిల్లల నుంచి రకరకాల సూక్ష్మజీవులు తగిలితే, దేనితో పోరాడాలో దేన్ని వదిలేయాలో ఒళ్లు నేర్చుకుంటుందట. నేర్వకపోతే ఉత్త దుమ్ము మీద కూడా కత్తి దూయవచ్చట. వీడికి అందుకే వచ్చిందని చెప్పలేను, మందు మానొద్దు అంది. వాడి చెల్లెల్ని, ఆర్నెల్ల చిన్నదాన్ని మాత్రం నేల మీద ఆడనివ్వమంది.

ఇక్కడ నేలేది? మట్టి అంటుతుందని కింద పిల్లలాడే చోటంతా ప్లాస్టిక్ గడ్డి పరిచారు. ఆ పరిచినవాళ్లే మా పాయఖానా నీళ్లను గోడ అవతలి చెరువులోకి వదులుతున్నారు. మంచి మట్టిని కప్పి, మోరీని ఊరి మీదికి తోలారు.

చిన్నదాన్ని కిందికి తీసుకెళ్తానంటే కోడలు భయపడింది. "ఏమన్న అయితే ఎట్ల అత్తమ్మా? ఒక్కనితోనే పరేషాన్ అయితున్న."

ఆమె మీద కోపం రాలేదు. తల్లుల భయం చూసి మందునీళ్ల సీసాలు అమ్ముకునేవాళ్ల మీద వచ్చింది.

"కుక్కలు తిరగని జాగ చూస్త. చేతులు కడుగుత. టీకాలు ఆపేది లేదు. జర నమ్ము బిడ్డా," అన్నాను. ఆమె చిన్నదాన్ని నా ఒళ్లో పెట్టి వంటింట్లోకి వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే చిన్నదాన్ని ఎత్తుకుని దిగాను. గోడ మూలన ప్లాస్టిక్ గడ్డి అంచు పట్టుకుని లాగి, చాపలా చుట్టాను. కింద ఎర్రమట్టి. చిన్నదాన్ని అందులో కూర్చోబెట్టాను.

అపార్ట్‌మెంట్ సూపర్‌వైజర్ ఉరికొచ్చాడు. "ఏందమ్మా గిది! అసోసియేషనోళ్లు చూస్తే లొల్లి చేస్తరు."

"పిలువు వాళ్లను. చెరువు సంగతి గూడ అడిగేదుంది."

చిన్నది పిడికిలి నిండా మట్టి తీసింది. వాళ్లు వచ్చేదాకా చుట్టిన ఆ గడ్డి మీదే కూర్చున్నాను.