మొదటి బిందె నీళ్లు

మా చర్చి సంఘంలో దేనికైనా ప్రథమ ఫలం దేవునిదే. కొత్త ధాన్యమైనా, పెట్ట పెట్టిన మొదటి గుడ్డైనా ఆదివారం ఆరాధనలో ప్రభువు బల్ల ముందుకు రావాలి. అందుకే చర్చి ఆవరణలో కొత్తగా వేసిన బోరు నుంచి మొదటి బిందెను కూడా అక్కడే పెట్టారు. పాస్టరు గారు ప్రార్థించి, తలా ఒక గుక్క పోయించారు.

నీళ్లు ఉప్పగా ఉన్నాయి.

దేవునికి అర్పించినవి కాబట్టి ఎవరూ ఉమ్మలేదు. మింగి, నా వైపు చూశారు. టిన్ను నీళ్లు కొనలేనివాళ్ల కోసం వేయించిన బోరు అది. ఎక్కడ వేయాలో చెప్పింది నేనే.

నేల కింద నీటి నడకను కంప్యూటరులో లెక్కకట్టడం నా పని. ఇసుక రేణువుల సందుల్లో పారే నీటిని రేణువు రేణువుకూ లెక్కించడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. అందుకని నేలను పెద్ద గడులుగా విడగొట్టి, గడికొక సగటు వేశాను. సగటున మా ఊరి నేల బంకమట్టి. రొయ్యల చెరువుల ఉప్పు చర్చి దాకా రావడానికి ఏళ్లు పడుతుందని తేలింది.

ద్రాక్షారామం నుంచి బోరు మేస్త్రీ వచ్చిన రోజే చర్చి వెనకింటి మామ్మ అడ్డుపడింది.

"ఇక్కడొద్దు అబ్బాయా. నా పెరట్లో ఇటువైపు మూడడుగుల మేర కొత్తిమీర మొలవదు. ఎండాకాలం తెల్లగా ఉప్పు పూసేస్తుంది."

"నా లెక్కలో ఒక్కో గడి మీ వీధంత ఉంటుంది మామ్మా," అన్నాను నవ్వుతూ.

"అయితే నేనూ నా కొత్తిమీరా అందులో ఏం కనపడతాంలే," అంది.

మామ్మ చెప్పిన ఆ మూడడుగులు ఎప్పుడో పూడిపోయిన పిల్లకాలువ తాలూకు ఇసుక పాయ. ఉప్పు ఆ సన్నని దారినే వచ్చింది. నా సగటు ఆ పాయను మట్టిలో కలిపేసింది. ముందు ప్రతి గడిలోనూ అక్కడి ఇసుకా మట్టీ ప్రకారం చిన్న లెక్క చేసి, దాన్ని పెద్ద లెక్కలోకి తీసుకెళ్లే పద్ధతి ఒకటుంది. నేను ఏళ్ల తరబడి చదివింది అదే. తొందరలో వదిలేశాను.

మరుసటి ఆదివారం సాక్ష్యాల వేళ లేచాను. సాక్ష్యమంటే మా దగ్గర స్వస్థతో, ఉద్యోగమో చెబుతారు. నేను నా తప్పు చెప్పాను. అల్పులను తృణీకరించకూడదని చిన్నప్పటి నుంచి వాక్యం వల్లించినవాణ్ని. స్తోత్రమని ఎవరూ అనలేదు.

తర్వాత ఉప్పు పూసే చోట్లు చూపిస్తూ మామ్మ ముందు నడిచింది, నేను వెనక పుల్లలు పాతాను. ఆ పాయను గడుల లోపల ఉంచి లెక్క మళ్లీ చేస్తే, చర్చికి పడమటి మూల మంచినీళ్లు పడతాయని తేలింది. సంఘం ఇంకొక్కసారి నన్ను నమ్మింది.

రెండో బోరు మొదటి బిందె వచ్చింది. పాస్టరు గారు గ్లాసు ముందుగా మామ్మకే ఇచ్చారు. ఆమె నెమ్మదిగా మింగింది. నేను మోకరించి కళ్లు మూసుకున్నాను.

"మొన్నటివి పోపు పెడితే చారైపోయేవి అయ్యగారూ. ఇవి తాగొచ్చండి," అంది.

అందరూ నవ్వారు. నేను మోకాళ్ల మీదే ఉండిపోయాను.

పాత బోరు తీయించలేదు. నెలకోసారి అందులో నీళ్లు తోడి, ఉప్పు ఎంత జరిగిందో చూస్తాను. తోడబోయే ముందు మామ్మ గుమ్మంలో ఆగి, కొత్తిమీర ఎక్కడి దాకా మొలిచిందో అడుగుతాను.