పంటు మీద మూడు తాళాలు

మా ఆయన స్కూటీకి వేసే తాళాలు చూస్తే లోపల బంగారం ఉందనుకుంటారు ఎవరైనా. హ్యాండిల్ లాక్ ఒకటి, వెనక చక్రానికి గొలుసు తాళం, ముందు చక్రానికి ఇంకోటి. ఇదివరకు ఇలాంటి మనిషి కాదు. మూడేళ్ల కిందట జెరాక్స్ షాపు ముందు పాత బండి ఆపి, ఒక్క నిమిషమే కదా అని తాళం దానికే వదిలేసి లోపలికెళ్లారు. తిరిగొచ్చేసరికి బండి లేదు. దాని డిక్కీలో నా సర్టిఫికెట్లన్నీ ఉన్నాయి, పదో తరగతి నుంచి బీఈడీ దాకా. పోలీస్ స్టేషనుకీ, బోర్డుకీ, యూనివర్సిటీకీ తిరిగి డూప్లికేట్లు తెచ్చుకునేసరికి నా చెప్పులరిగిపోయాయి. నేను తిట్టాల్సిన తిట్లన్నీ ఆయనే తిట్టేసుకున్నారు, నాకేమీ మిగల్చలేదు.

అలాంటిది, ఈసారి డీఎస్సీలో నా పేరొచ్చింది! లిస్టు చూసి ఎగిరి గంతేశాను. నేను చదివింది రాజోలు వైపు కాబట్టి సర్టిఫికెట్ల పరిశీలన అమలాపురంలో, పొద్దున్న పదింటికి. కాగితాలు చూపించలేకపోతే పోస్టు నా వెనకున్న వాళ్లకి వెళ్లిపోతుంది.

మొగల్తూరు నుంచి తెల్లారకుండానే ప్రార్థన చేసుకుని బయల్దేరాం. ఫైలు సీటు కింద డిక్కీలో పెట్టారు. నా చేతికిమ్మంటే ఇవ్వలేదు. "గాలికి ఎగిరిపోద్ది" అన్నారు. ప్లాస్టిక్ కవరులో, జిప్పు బ్యాగులో ఉన్న ఫైలు గాలికెలా ఎగురుతుందో నాకైతే తెలియదు.

నరసాపురం రేవులో పంటెక్కాం. బళ్లనీ మనుషుల్నీ కలిపి గోదావరి దాటించే వెడల్పాటి పడవ అది. దాని మీద ఎవరూ బండికి తాళం వెయ్యరు. సర్దేటప్పుడు, దింపేటప్పుడు పంటువాళ్లు బళ్లు జరుపుకోవాలి కదా. ఈ చుట్టుపక్కల పుట్టిన పిల్లలక్కూడా తెలిసిన సంగతి. మా స్కూటీ అన్నిటికన్నా ముందు, దిగే గేటు దగ్గర నిలబడింది. మా ఆయన చుట్టూ ఒకసారి చూసి మూడు తాళాలూ వేసేశారు.

"ఏవండీ, నడిగోదాట్లో ఎవరెత్తుకెళ్తారండీ?"

"నువ్వూరుకో."

సగం దూరం వెళ్లాక సీటు సరిగా పడిందో లేదోనని మళ్లీ తాళాలగుత్తి తీశారు. వెనకాయన బండి కొంచెం ఒరిగి మోచేతికి తగిలింది. గుత్తి ఎగిరి, రేకు మీద ఠంగుమని, గోదాట్లో పడిపోయింది.

నేను అరిచిన అరుపు రెండు ఒడ్లకీ వినపడే ఉంటుంది. రెండో తాళాలగుత్తి ఇంట్లో ఉంది, ఇల్లు వెనకాల ఉంది, అమలాపురం ముందుంది. ఇక నా ఉద్యోగం ఆ సీటు కిందే ఉండిపోయింది.

సఖినేటిపల్లి ఒడ్డుకి చేరగానే వెనకాల ఆటోలు, మోటారు సైకిళ్లు ఒకటే హారన్లు. పంటు మనిషి పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటండీ ఇది! తాళాలేసుకుని ఎవరైనా పంటెక్కుతారండీ?"

మా ఆయన గోదారి వైపు చెయ్యి చూపించారు. ఆరుగురు చేతులేసి, హైలెస్సా అని స్కూటీని ఎత్తి ఒడ్డున పెట్టేశారు. తాళాలు వేసినవి వేసినట్టే ఉన్నాయి, బండి మాత్రం ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్లిపోయింది. ఆయన ముఖం తెల్లబడింది.

"సర్టిఫికెట్లండీ! అదిగో, ఆ అమలాపురం బస్సు వెళ్లిపోద్దండీ!" అన్నాను ఏడుపు గొంతుతో.

రొయ్యల పెట్టెలు తెచ్చిన పెద్దాయన ఒకరు, "అమ్మా, మీ చెయ్యి సన్నంగానే ఉంది, ఇలా రండి" అని సీటు అంచు రెండు చేతులతో పట్టి పైకి లాగారు. బెత్తెడు సందు వచ్చింది. గాజులు పైకి తోసుకుని చెయ్యి దూర్చేశాను. ఫైలు మూల దొరికింది. మెల్లగా వంచి లాగాను, వచ్చేసింది! చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

మా ఆయన మాత్రం ఆ సందు వైపే చూస్తున్నారు. "ఇంత సులువా! ఇన్నాళ్లూ ఇలాగే తిరిగామా!" అన్నారు. నవ్వాపుకోలేక బస్సు వైపు పరిగెత్తాను. వాళ్ల తమ్ముడు ఇంటి నుంచి రెండో గుత్తి తెచ్చేదాకా ఆయన బండి దగ్గరే ఉండిపోయారు.

పదికి ఐదు నిమిషాల ముందు చేరాను. ఒక్కో కాగితమూ చూసి టిక్కు పెడుతుంటే నేనూ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. చివరి టిక్కు పడ్డాక బయటికొచ్చి ఫోన్ చేశాను.

"అయిపోయిందండీ! అన్నీ సరిపోయాయండీ!"

"సర్టిఫికెట్లు తిరిగిచ్చేశారా?"

"ఇచ్చారు."

"అన్నీనా? చూసుకున్నావా?"

"అన్నీ ఉన్నాయండీ."

అప్పుడు "స్తోత్రం ప్రభువా" అన్నారు. తర్వాత ముక్కు ఎగబీల్చడం వినపడింది. ఏడుస్తున్నారని తెలిసింది. మూడేళ్లుగా ఆ మనిషి ఎంత మోశారో నాకప్పుడు అర్థమై, నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరికి గొంతు సవరించుకున్నారు.

"టీచరుగారూ, బస్సులో ఫైలు పైన పెట్టకండి. ఒళ్లో పెట్టుకుని కూర్చోండి."

పెళ్లైన పదకొండేళ్లలో నన్ను 'మీరు' అనడం అదే మొదటిసారి.