అరికాలి చుక్క

ఎనభైల్లో ఒకనాడు, ఖరగ్‌పూర్‌లో మలంచా నుంచి ఇందా వెళ్లే బస్సులో ఉన్నాను. ఒళ్లో నాలుగు నెలల బాబు. ఎదురు సీట్లో ఒక తెలుగు పెద్దావిడ వాణ్ణే చూస్తూ నాలుక ఆడించింది. వాడు పుట్టాక మొదటిసారి పైకి కిలకిలా నవ్వాడు. అంత నవ్వుకు దిష్టి తగులుతుందని భయపడి, చప్పున వాడి ముఖం మీద కొంగు కప్పేశాను.

ఆవిడ కాసేపు కిటికీలోంచి చూసింది. దిగేముందు తన కంటి కాటుక వేలితో తీసి, బాబు అరికాలికి చుక్క పెట్టింది.

"అంతసేపు సూసినాను గదమ్మా. నా దిస్టి తగలకుండా పెట్టినాను," అంది.

సాయంత్రం మా ఆయన రైల్వే డ్యూటీ నుంచి రాగానే బాబు నవ్వాడని చెప్పాను.

"ఎవుల్ని సూసి?"

"నన్నే," అన్నాను.

ఆయన ముద్దుపెట్టుకోబోతే, వాడి పాదం మీద కొంగు కప్పాను.