కొండ మీద గంటన్నర బేరం

చలికాలంలో మంచుకొండలెక్కిన తెలుగువాళ్ళలో నా అంత చవగ్గా ఎక్కినవాడు ఉండడు. గైడు కూలి తగ్గించాను. గ్లౌజుల ధర తగ్గించాను. అందరూ చేసేదే కదా అంటారేమో, కొండ మీద వెనక్కి తిరగాల్సిన వేళను కూడా బేరమాడి గంటన్నర పొడిగించుకున్నాను. చీరాలలో గుడ్డల కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. ఇలాంటి బేరం మా నాన్న కూడా చేయలేదు.

అప్పట్లో నేను సింగపూర్‌లో ప్రోగ్రామర్ని. కంప్యూటర్లు రెండువేల సంవత్సరాన్ని తట్టుకుంటాయా అన్న భయం తీరిపోయి, ఆ భయం తెచ్చిపెట్టిన కాంట్రాక్టులు మాత్రం ఇంకా తీరని రోజులు. బయట చెమట, ఆఫీసులో ఏసీ. ఆ ఏసీకి అందరం స్వెట్టర్లు వేసుకుని కూర్చునేవాళ్ళం. చలి అంటే నాకు తెలిసింది అదే, మీట నొక్కితే ఆగిపోయే చలి. పక్కసీటు ఢిల్లీవాడు నడుం లోతు మంచులో నిలబడి నవ్వుతున్న ఫోటో ఒకటి బల్ల మీద పెట్టుకున్నాడు. రోజూ అది చూసి చూసి నాకు మండింది. హిమాచల్ కొండలకు టికెట్టు తీశాను.

గైడు కూలి ఒకరికైనా ఇద్దరికైనా ఒకటేనని తెలిశాక అన్న గుర్తొచ్చాడు. మా పెద్దమ్మ కొడుకు, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. అతనూ సింగపూర్‌లోనే, తువాస్‌లో ఓడల యార్డులో వెల్డరు. వారమంతా డార్మిటరీలో ఉండి, ఆదివారం బుకిట్ బటోక్‌లోని నా ఫ్లాట్‌కొచ్చి పప్పు, వేపుడు వండేవాడు. రెండేళ్ళ తర్వాత దొరికిన సెలవు మీద ఆ డిసెంబరులో ఇంటికి బయల్దేరుతున్నాడు. మధ్యలో ఐదు రోజులు నాకిస్తే చాలు, తలకి సగం కూలి.

"నాకెందుకురా ఆ మంచు? రోజంతా నిప్పు పక్కన ఉండేవాణ్ణి," అన్నాడు.

"అందుకే అన్నా. కాస్త చల్లబడతావు."

"సెలవు నుంచి రాగానే పైపు వెల్డింగు టెస్టుంది నాకు. పాసయితే పర్మిట్టు పొడిగిస్తారు, లేకపోతే ఇంటికే. ఈ చేతికేమన్నా అయితే ఎవడిస్తాడ్రా నాకు పని?" కుడిచేతి చూపుడువేలు నా ముఖం ముందు ఆడించాడు. వెల్డింగు టార్చి మీట నొక్కే వేలు అది.

"కొండ ఎక్కేది కాళ్ళతో కదన్నా," అన్నాను.

నవ్వాడు. ఒప్పుకున్నాడు. ఆ నవ్వు చూసి బేరం కుదిరిందనుకున్నాను.

రెండు ఆదివారాలు బుకిట్ తీమా ఎక్కి సాధన చేశాం. దీవి మొత్తం మీద అదే ఎత్తయిన కొండ. ఎక్కి దిగేలోగా ఫ్లాస్కులో టీ కూడా చల్లారదు. పైన కోతి ఒకటి అన్న చేతిలోని బిస్కట్ల పొట్లం లాక్కుపోయింది. మేం ఎదుర్కొన్న ఆపద అంతే. శిక్షణ పూర్తయిందని నేనే ప్రకటించాను.

గ్లౌజుల కోసం చేపల కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసేవాళ్ళకు సరుకు అమ్మే కొట్టుకెళ్ళాం. ఊళ్ళో పెద్ద షాపుల్లో మంచు సామాను అడిగితే ధర విని నాకు అక్కడే చలేసింది. ఇక్కడ ముసలి చైనీస్ అంకుల్ రెండు రకాలు బల్ల మీద పడేశాడు. ఒకటి పైన జారుడు పొర, లోపల ప్లాస్టిక్ దూది, చూడ్డానికి అసహ్యంగా ఉంది. రెండోది దళసరిది, ధరా తక్కువే. దాన్ని తిరగేసి అస్తరును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశాను, కొట్టులో మా నాన్న చూసినట్టే. అసలు నూలు.

"దట్ వన్ డ్రై కోల్డ్ ఓన్లీ లా. వెట్ కెనాట్," అన్నాడు అంకుల్. పొడి చలికే అది, తడిస్తే పనికిరాదని.

"ఆయనేదో చెప్తున్నాడురా," అన్నాడు అన్న.

ఆ చెప్పేదేమిటో నాకు బాగా తెలుసనుకున్నాను. కొట్టుకొచ్చిన ఆవిడ చవక వాయిల్ మీద చెయ్యి వేయగానే మా నాన్న ముఖం దిగులుగా పెట్టి, "అది రెండు ఉతుకులకి ఆగదమ్మా, ఇది చూడండి," అనేవాడు. పదిహేనేళ్ళు ఆ దిగులు ముఖం పక్కనే కూర్చున్నాను. అంకుల్ ముఖంలో నాకు మా నాన్న కనిపించాడు. పరీక్ష పెట్టమన్నాను. ఆయన విసుక్కుంటూ వెనక గదిలో ఫ్రీజరు తెరిచాడు. గడ్డకట్టిన రొయ్యల పెట్టెల మధ్య చెయ్యి దూర్చి పది నిమిషాలు నిలబడ్డాను. చెయ్యి వెచ్చగానే ఉంది.

"చూశావా అంకుల్?"

"ఫ్రీజర్ లోపల వాన పడదు," అన్నాడాయన తన ఇంగ్లీషులో. నేను అడిగిన ధరకే నూలువి రెండు జతలు ఇచ్చేశాడు. గెలిచాననుకున్నాను. ఆయన విసిగిపోయాడంతే.

కొండ కింద ఊళ్ళో గైడు తన షరతు ఒక్కటే చెప్పాడు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి. ఆ తర్వాత గాలి లేస్తుంది, ఐదింటికే చీకటి, పగలు మెత్తబడిన దారి సాయంత్రానికి గాజులా గడ్డకడుతుంది.

"మూడు," అన్నాను నా సినిమా హిందీలో.

అన్న నా చొక్కా లాగాడు. "ఒరేయ్, అతను చెప్పేది టైమురా, రేటు కాదు."

"నువ్వుండన్నా. మొదటి మాట ఎవరిదైనా కాస్త ఎక్కువే ఉంటుంది."

వేరే గైడుని చూసుకుంటామని చెప్పి వీపు చూపించి నడిచాను. మా కొట్టులో మూడో అడుగులో పిలుపొచ్చేది, ఇక్కడ ఏడో అడుగులో వచ్చింది. చలికాలంలో అతనికి వేరే బేరం లేదు. ఒకటిన్నర, ఆపైన ఒక్క నిమిషం కూడా లేదన్నాడు. చేతులు కలిపాం.

మర్నాడు చీకటుండగానే బయల్దేరాం. కొండల గురించి అందంగా రాసేవాళ్ళ మీద నాకు ఆ రోజే కక్ష మొదలైంది. ఆ తెలుపులో అందమేమీ లేదు. కళ్ళల్లో పొడుస్తుంది. పైన పెళుసు పొర, అడుగు వేస్తే విరిగి మోకాలి దాకా దిగబడుతుంది, కాలు పైకి లాగితే పిక్క గీరుకుపోతుంది. పదిన్నరకి గట్టు మీదకి చేరేసరికి గాలి మంచుపొడిని లేపి ముఖం మీద ఇసకలా కొడుతోంది. నీళ్ళ సీసా మూత దగ్గరే గడ్డకట్టింది. గట్టు అంచున మంచు చూరులా గాల్లోకి సాగి ఉంది. దాని కింద నేల లేదని, అటు పోవద్దని గైడు కర్రతో గీత గీసి చూపించాడు.

నేను చేతులు జేబుల్లో పెట్టుకుని నడిచాను. అన్నకి ఊరికే ఉండటం చేతకాదు. గైడుతో కలిసి మంచు తవ్వి మెట్లు చేశాడు, పడ్డచోట చేతుల మీద లేచాడు. ఒంటి వేడికి అంటుకున్న మంచు కరిగి నూలులోకి ఇంకింది.

పన్నెండింటికి గైడు ఆగి పడమటి వైపు చూపించాడు. శిఖరం వెనక నుంచి బూడిదరంగు మబ్బు పొర్లుతోంది. వెనక్కి పోదామన్నాడు.

"ఒకటిన్నర అన్నావు. మాటంటే మాటే," అన్నాను. కుదిరిన బేరం తిరగదోడటం మా ఇళ్ళల్లో తప్పు.

"తమ్ముడూ, చేతులు తడిశాయిరా," అన్నాడు అన్న.

"ఇంకొంచెం అన్నా. ఇంకా గంటన్నర మనదే."

టికెట్టు, గ్లౌజులు, గైడు అన్నీ నేను కుదిర్చినవి. అన్న నా మాట కాదనలేకపోయాడు.

నలభై నిమిషాలు నడిచాం. ఆ తర్వాత మబ్బు మమ్మల్ని మింగింది. నేలా ఆకాశమూ ఒకే తెలుపు. వేసే అడుగు పైకో కిందికో తెలియదు. పొద్దున మేం వేసిన అడుగుజాడలు పూడిపోయాయి. గైడు ముగ్గురినీ తాడుతో కట్టి, గట్టు అంచుని కర్రతో తడుముకుంటూ దించసాగాడు. ఒకచోట తాడు రాతికి చిక్కుకుని ముడిపడింది. వెనక ఉన్న అన్న దాన్ని విప్పాలి. గ్లౌజులు అప్పటికి అట్టముక్కల్లా బిగిసిపోయాయి, వేళ్ళు మడవటం కుదరదు. కుడి గ్లౌజు తీసేసి, వట్టి చేత్తో, పళ్ళతో ముడి విప్పాడు.

అప్పుడే గైడు తన సంచిలోంచి ఉన్ని గ్లౌజుల జత తీశాడు. అతని దగ్గర అదనంగా ఉన్నది అదొక్కటే. ఎవరికి అన్నాడు.

నేను దగ్గరగా ఉన్నాను. చేతులు చాపాను. నా వేళ్ళు చల్లగా ఉన్నాయి, అంతే. గైడు నా ముఖంలోకి చూశాడు. మార్చుకుంటూ వేసుకుంటామని చెప్పాను. కిందికి దిగేదాకా మార్చుకోలేదు. అన్న అడగలేదు, నేను వెనక్కి చూడలేదు.

చీకటిపడ్డాక ఊరు చేరాం. దీపం వెలుతురులో అన్న చూపుడువేలు కొవ్వొత్తిలా తెల్లగా, గట్టిగా ఉంది. గిల్లితే తెలియలేదు. భయపడి నేను గట్టిగా రుద్దాను. అలా రుద్దకూడదని మర్నాడు ఆసుపత్రిలో డాక్టరు తిట్టాడు. కొనకు ప్రాణం వస్తుందో రాదో ఆగి చూడాలన్నాడు.

రాలేదు. అన్న చీరాలలో సెలవు గడిపి తిరిగొచ్చేసరికి వేలి కొన ఎండు ఖర్జూరంలా నల్లబడింది. సింగపూర్‌లో పై కణుపు తీసేశారు. టెస్టు రోజు మధ్యవేలితో మీట నొక్కి చూశాడు. పైపు చుట్టూ అతుకు వంకరపోయింది. యార్డువాళ్ళు పర్మిట్టు గడువయ్యేదాకా పనిముట్ల గదిలో కూర్చోబెట్టారు, ఆపైన పొడిగించలేదు.

వెళ్ళేముందు ఆదివారం ఫ్లాట్‌కొచ్చాడు. ఆ రోజు వంట నేను చేశాను.

"తడికి పనికిరావని ఆ ముసలాయన చెప్పాడు కదరా," అన్నాడు కంచం వైపు చూస్తూ.

"చెప్పాడన్నా."

"మరి?"

"బేరం అనుకున్నాను."

కంచం పక్కకి జరిపాడు. "గైడు ఇచ్చినవి వెచ్చగా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"మంచిది," అన్నాడు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఫ్లాట్‌కి రాలేదు.

ఇక లెక్క. బేరంలో నాకు దక్కింది గంటన్నర. అందులో నడిచింది నలభై నిమిషాలు, మిగతాది మబ్బులో పోయింది. శిఖరం చేరలేదు. పోయినవి అన్న కుడి చూపుడువేలి పై కణుపు, అతని టెస్టు, అతని పర్మిట్టు, ఇరవై ఏళ్ళ చేతిపని, నా వంటింట్లో ఆదివారాలు. నా ఒంట్లోంచి పోయింది ఏమీ లేదు. పది వేళ్ళూ ఉన్నాయి. ఇది టైపు చేసింది వాటితోనే.