అత్తయ్యను నేను అడగని మాట

మా అత్తయ్య పోయారు. రెండు వారాల కింద మంగళవారం మధ్యాహ్నం నేను, ఆస్ట్రేలియాలో మేముండే క్రెయిగీబర్న్‌లో, ఒక షాపు ముందు కారు ఆపుకుంటుండగా ఒంగోలు నుంచి ఆడపడుచు ఫోన్ చేసింది. "అమ్మ పోయింది వదినా" అని, "ఇంక నొప్పి ఉండదులే" అంది. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్. నాకు ఏడుపు రాలేదు. నోట్లోంచి ఒకటే మాట వచ్చింది: "నువ్వు పరీక్ష చేయించుకున్నావా?"

"ఇప్పుడా వదినా అడిగేది?" అని పెట్టేసింది.

ఇప్పుడే. ఆడపడుచుకు నలభై ఒకటి. ఒక్కసారి కూడా చేయించుకోలేదు. పోయిన మనిషిని తలచుకుంటూ, ఉన్న మనిషి కోసం భయపడుతూ ఇది రాస్తున్నాను. మన్నించండి.

నాలుగేళ్ల కింద అత్తయ్య ఆరు నెలలుందామని మా దగ్గరికి వచ్చారు. నేను పత్రికకు రాసే వ్యాసాలు చదివించుకుని వినేవారు. అంతా విని, "బానే తిట్టావమ్మాయ్. వాళ్లు చదువుతారంటావా?" అనేవారు. వాదన ముదిరితే ఇంకో మాట ఉండేది: "నువ్వు అడుగుతావు గాని, వినవు." తన బట్టలు తనే ఉతికి, పెరట్లో తీగ మీద తువ్వాలు కింద దాచి ఆరేసేవారు. "నానమ్మా, జస్ట్ యూజ్ ద డ్రయ్యర్" అని మా అమ్మాయి అంటే నవ్వి ఊరుకునేవారు.

ఆ ఏడు వినాయక చవితినాడు ఆవిడ పూజ దగ్గరికి రాలేదు. గరాజ్ గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"దూరంగా ఉన్నా. మీరు కానీయండి."

నాకు ఒళ్లు మండింది. ఆస్ట్రేలియా వచ్చినా ఈ మైల బతుకేమిటన్నాను. ఆడదాని ఒంటిని అంటరానిది చేసిందెవరన్నాను. "పండగ పూట వదిలెయ్" అని మా ఆయన బతిమాలుతున్నా వదల్లేదు. ఆవిడ ఓపిగ్గా విని, "అయిపోతే ఆ ఉండ్రాళ్లు దించు తల్లీ, మాడిపోతన్నయ్" అన్నారు.

ఆ వారమే దాని మీద వ్యాసం రాశాను. మీలో కొందరు చదివే ఉంటారు, మెచ్చుకున్నారు కూడా. మొదటి వాక్యంలోనే ఉంది: "మా అత్తయ్యకు అరవై రెండేళ్లు." అరవై రెండేళ్ల మనిషి దూరంగా ఎందుకు కూర్చుందని నేను అడగలేదు. మీరూ అడగలేదు. ముట్లు ఆగి పదేళ్లయిన మనిషికి రక్తం కనబడితే అది మైల అనుకుని ఆవిడ పక్కకి జరిగారు. మైల కాదని నేను కొట్లాడాను. అది రోగమని ఇద్దరికీ తట్టలేదు.

తిరిగి వెళ్లిన ఎనిమిది నెలలకు బస్టాండులో కళ్లు తిరిగి పడిపోయారు. అక్కణ్నుంచి ప్రతి ఫోనూ భయమే. పరీక్షకు ముక్క తీశారు, అది వేరే ఊరికి వెళ్లింది. రిపోర్టు రావడానికి ఆరు వారాలు. రేడియేషన్ మిషను ఇంకో ఊళ్లో. తల్లిని బస్సులో పడుకోబెట్టుకుని ఆడపడుచు వెళితే మధ్యలో మిషను పాడైంది, పన్నెండు రోజులు ఆగమన్నారు. మధ్యలో ఆపితే జబ్బు మళ్లీ పుంజుకుంటుందని అక్కడి డాక్టరమ్మే చెప్పింది, చెప్పి తల దించుకుంది. గర్భసంచి లోపల పెట్టి ఇచ్చే రేడియేషనుకు మరో ఊరు. చివర్లో నొప్పికి మార్ఫిన్ కావాలంటే ఊళ్లో ఏ మందుల షాపులోనూ లేదు.

పేద దేశం, ఏం చేస్తాం అని నాతో అనకండి. ఇక్కడ నా వయసు ఆడదానికి పరీక్షకు రమ్మని ఇంటికే ఉత్తరం వస్తుంది. తెర చాటుకు వెళ్లి, చిన్న పుల్లతో నమూనా నేనే తీసి ఇవ్వొచ్చు. ఆ పుల్ల అంత ఖరీదైనదా? డబ్బులేక కాదు, ఆడది పడిపోయేదాకా చూడక్కర్లేదని తేల్చుకున్నారు.

కర్మలకు మా ఆయన వెళ్లారు. పన్నెండో రోజు అయ్యాక ఆడపడుచుకు మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి ఉపన్యాసం లేదు. గరాజ్ గుమ్మం సంగతి చెప్పాను. "మీ అమ్మ చెబుతూనే ఉంది, నేను దాన్ని వ్యాసం చేసుకున్నాను" అన్నాను.



"నాకు సిగ్గనుకుంటన్నావా వదినా? సిగ్గు కాదు. అమ్మను తీసుకుని ఆ వరండాల్లో తిరిగాను గదా. ఏదైనా ఉందంటే ఏమేం జరుగుద్దో నాకు వరసగా తెలుసు. అందుకే పరీక్షకు పోలా."

  వింటూ ఉండిపోయాను.

"అన్నయ్య ఇక్కడుండగానే పోతాలే" అని తనే అంది.

ఈ ఉదయం అన్నాచెల్లెళ్లిద్దరూ వెళ్లారు. ఆసుపత్రి వరండాలోంచి మా ఆయన ఫొటో పంపారు. గోడ వారన నేల మీద బారులు తీరి ఆడవాళ్లు. వాళ్లలో ఆడపడుచు. అరచేతిలో బాల్‌పెన్నుతో రాసిన నంబరు. పక్కన ఎవరో పెద్దావిడ, ఈమె భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది.

నంబరు దగ్గరపడుతోందట. ఆవిడ లేస్తుందేమోనని ఈమె భుజం కదపకుండా, తలుపు వైపే చూస్తూ కూర్చుని ఉంది.