టూవూంబా నుంచి బ్రిస్బేన్‌కు, ఒక్క కిడ్నీతో

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో చదువుకుంటూ నేను అద్దెకున్న ఇంటి యజమాని ప్రసాద్ అంకుల్‌కు పుట్టుకతోనే ఒక్క కిడ్నీ. అందులోంచి జారిన రాయి మూత్రనాళంలో ఇరుక్కుంది. దారి పూర్తిగా మూసుకుపోతే ఉన్న ఒక్కటీ దెబ్బతింటుందని డాక్టర్ హెచ్చరించారు. కోత లేకుండా మూత్రమార్గం గుండా సన్నని గొట్టం పంపి, లేజర్‌తో రాయిని పొడి చేసే చికిత్స బ్రిస్బేన్‌లో కుదిరింది. మత్తు తీసుకున్నవాళ్లను ఒంటరిగా ఇంటికి పంపరు. ఆంటీకి డ్రైవింగ్ రాదు కాబట్టి తోడు నేనే.

తెల్లవారుతుండగా బయలుదేరాం. ఊరున్న కొండ దిగితే వారెగో హైవే మీద రెండు గంటల లోపు ప్రయాణం. ఆసుపత్రి పార్కింగ్‌కే ముప్పై డాలర్ల దాకా ఉంచుకోండి. గాటన్ దగ్గర పొలాలన్నీ పొగమంచులో మునిగి ఉన్నాయి. పక్క సీట్లో ఫ్లాస్కు మూత తిరిగిన చప్పుడైంది.

"అంకుల్, ఏమీ తాగొద్దన్నారుగా!"

"కాఫీయేనమ్మా. శనివారం ఉపవాసానికి తాగట్లా? ఇడ్లీ తింటే తప్పుగానీ. ఎన్నేళ్లుగానో ఇదే నా ఫాస్టింగ్. నువ్వు రోడ్డు చూడు."

అప్పటికే కప్పు ఖాళీ.

చివరగా ఏం తీసుకున్నారని ఆసుపత్రిలో నర్సు అడిగింది. "రాత్రి డిన్నర్, అంతే," అన్నారు అంకుల్, నా వైపు చూడకుండా. "దారిలో పాల కాఫీ తాగారు," అన్నాను.

కడుపులో పాలుండగా మత్తిస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదకు రావచ్చని, కనీసం ఆరు గంటలు ఆగాలని నర్సు చెప్పింది. ఆయన వంతు వేరొకరికి వెళ్లిపోయింది.

"సంతోషమా అమ్మాయ్? గుక్కెడు కాఫీకి పట్టిచ్చావు. ఈలోపు మూసుకుపోతే నీ కిడ్నీ ఇస్తావా?"

మధ్యాహ్నానికి ఆయనకు చలిజ్వరం పట్టుకుంది. పళ్లు టకటకలాడుతుంటే లోపలికి పరుగున తీసుకెళ్లారు.

సాయంత్రం సర్జన్ బయటికొచ్చారు. రాయి వెనక చీము చేరిందట. ఇప్పుడే లేజర్ వాడితే ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకుతుందని, మూత్రం పోయేందుకు స్టెంట్ అనే చిన్న గొట్టం పెట్టి ఆపేశారు. రాయి అక్కడే ఉంది. కొన్ని వారాలాగి మళ్లీ రావాలి.

"పొద్దున్నే చేసి ఉంటే?" అని అడిగాను.

"చీము అప్పటికే ఉండొచ్చు, లేకపోవచ్చు. చెప్పలేను."

వార్డులో కళ్లు తెరిచి అంకుల్, "రాయి పోయిందా?" అన్నారు. లేదన్నాను. గోడవైపు తిరిగి, "ఈసారి టాక్సీలో వస్తాలే," అన్నారు.

మంచి పని చేశావని నర్సు భుజం తట్టింది. నిజం చెబితే మనసు తేలికపడుతుందని ఎక్కడో చదివి, ఆ వాక్యం నచ్చి రాసిపెట్టుకున్నాను. వాక్యం ఇప్పటికీ అందంగానే ఉంది. నా మనసు మాత్రం తేలికపడలేదు.

తోడు వెళ్లేవారికి ఒక్క సలహా: ఒక్కరోజు పనే అన్నా, రాత్రి ఉండేలా బట్టలూ రోజువారీ మాత్రలూ సర్దుకోండి. మాకా ఆలోచనే రాలేదు; అంకుల్‌ను ఆ రాత్రి అక్కడే ఉంచేశారు. ఇంటికొచ్చి, ఏమీ అడగని ఆంటీ చేతిలోంచి ఆయన మాత్రల డబ్బా తీసుకుని, మర్నాడు మళ్లీ కొండ దిగాను.