పసుపునీళ్ల బండి

మా చిన్నమ్మ పోయింది. కొత్త రాష్ట్రం వచ్చిన ఈ ఏడాదే, వానలు మొదలైన రోజుల్లో, నేను నారాయణగూడలో మా ఆఫీసులో ఉండగా చిన్నాయన ఫోన్ చేసి చెప్పాడు. "మీ చిన్నమ్మ పోయింది బిడ్డా. ఎసరు పెట్టి పప్పు కడుగుకుంట కూసుంది. మళ్ల లేవలె." నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "పొయ్యి ఆర్పినవా చిన్నాయనా?" అని. "ఆర్పిన బిడ్డా. ఆమె ఉంటే గదే అడిగేది" అన్నాడు. ఫోన్ పెట్టేశాక గానీ నాకు ఏడుపు రాలేదు.

మీలో చిక్కడపల్లి, అశోక్‌నగర్ సందుల్లో తిరిగినవాళ్లు ఆమెను చూసే ఉంటారు. బూడిదరంగు పాత పికప్ బండి, స్టీరింగ్ ముందు కొంగు నడుముకు దోపుకున్న ఒక పొట్టి మనిషి, గేరు రాడ్డుకు తగిలించిన ఆమె గాజులు. గాజుల చప్పుడులో ఇంజన్ చప్పుడు సరిగా వినబడదని, బండి ఎక్కగానే తీసి అక్కడ తగిలించేది, దిగగానే మళ్లీ తొడుక్కునేది. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆమె వెనక చిక్కుకుని హారన్ మీద హారన్ కొట్టినవాళ్లలో మీరూ ఉంటే, ఆమె ఎందుకంత నెమ్మదిగా దిగేదో ఇప్పుడు చెబుతాను.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. వంటల కాంట్రాక్టు చేసేది. చిక్కడపల్లిలో ఇంటి వెనక రేకుల షెడ్డు కింద పొయ్యిలు, గంజులనే పెద్దపెద్ద వంట పాత్రలు. గృహప్రవేశాలు, చిన్న పెళ్లిళ్లు, దినాలు, అన్నీ ఒప్పుకునేది. చిన్నాయన ఉల్లిగడ్డలు కోసేవాడు, అందుకే ఆయన కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, కొత్తవాళ్లు ఏమైందోనని జాలిపడేవాళ్లు. చిన్నమ్మ గొంతు సందు చివరి దాకా వినిపించేది. మేడమ్ అని పిలిస్తే ఒళ్లు మండేది. "వండేదాన్ని మేడమ్ అంటే అన్నం మాడ్తది" అనేది.

ఐదేళ్ల కిందట మా నాన్న పోయాడు. మా ఊరి బయట గుట్ట కింద మాకో చిన్న చెలక, అంటే మెట్ట పొలం, ఉంది. నాన్న సమాధి అక్కడే. పెద్దకర్మ భోజనాలు కూడా అక్కడే పెట్టాలనుకున్నాం. అక్కడి బోరు ఎండిపోయింది, వండుకోవడానికి నీళ్లు లేవు. అందుకని చిన్నమ్మ చిక్కడపల్లిలోనే వండి, కిరాయి ట్రాలీ ఆటోలో తెచ్చింది. తారు రోడ్డు దిగాక చెలక దాకా బండరాళ్ల బాట, మధ్యలో ఒక వాగు. వాగు దాటి గట్టెక్కుతుంటే ట్రాలీ ఒక పక్కకు ఒరిగింది. అన్నం నిలిచింది, కూరలు నిలిచాయి. పప్పుచారు గంజు బోర్లా పడింది.

నాన్నకు పప్పుచారు ఉంటే ఇంకేదీ అక్కర్లేదు. పెళ్లిళ్లలో బిర్యానీ పక్కకు జరిపి చారు అడిగి అమ్మ పరువు తీసేవాడు. "మరదలా, నీ చేతి చారు కోసమే మీ అక్కను చేసుకున్న" అని చిన్నమ్మను ఆటపట్టించేవాడు. ఆయన కోసం వేసిన బంతిలో చారు లేదు. వచ్చినవాళ్లు పెరుగన్నంతో లేచారు. ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ కూడా అనలేదు, అదే చిన్నమ్మకు మింగుడుపడలేదు. "తిట్టినా బాగుండు గదనే. మా అక్క ఒక్క మాట అనకపాయె" అని నా దగ్గర ఏడ్చింది. ఆ తర్వాత అక్కచెల్లెళ్ల మధ్య మాటలు పొడిపొడిగా అయిపోయాయి. మా ఇంటికి వస్తే సరాసరి వంటింట్లో పీట లాక్కుని కూర్చునే మనిషి, ముందుగదిలో కుర్చీ అంచున కూర్చుని వెళ్లిపోయేది.

కొన్నాళ్లకు ఆ పికప్ కొన్నది. "బావ సంవత్సరీకం నాడు గదే బాటల చారు తీస్కపోత. ఒక్క చుక్క పడొద్దు" అంది. ఎవరో పొలం పనులకు వాడి వదిలేసిన బండి అది. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందించే లివరు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. సీట్లోంచి పీచు బయటికొచ్చింది. తలుపు పడాలంటే తన్నాలి. చిన్నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దీని టైరు కింద నిమ్మకాయ పెడితే నిమ్మకాయే గెలుస్తది" అన్నాడు. చిన్నమ్మ ఆ రోజు ఆయనకు టీ పెట్టలేదు.

నారాయణగూడలో షెడ్డున్న ఒక మెకానిక్ అన్న దగ్గరికి బండిని తోయించుకుని వెళ్లింది. ఆయనకు పండగే. "అక్కా, దీన్ని లేపుదం. పెద్ద టైర్లు, ముంగట ఇనుప బంపరు, మీదికెల్లి లైట్లు. గుట్టలు దుంకుతది" అన్నాడు. సరేనంది. వెనక చక్రాల మీద బరువు మోసే ఉక్కు పట్టీలుంటాయి, కమాన్ పట్టీలంటారు, అవి గట్టివి వేశాడు. బండి లేచి నిలబడింది. సందులో అందరూ వచ్చి చూశారు. నాకూ నచ్చింది, డాబా మీదికి పోయి ఫోటో కూడా తీశాను.

చిన్నమ్మ మాత్రం పొగడ్తలకు లొంగలేదు. చారు గంజులో నీళ్లు పోసి, పసుపు కలిపి, మూతపెట్టి, మూత మీద తెల్ల గుడ్డ బిగించి కట్టింది. "కండ్లు అబద్ధమాడ్తయ్. గుడ్డ చెప్తది" అని చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ దాకా ఒక చుట్టు తిప్పింది. మొదటి స్పీడ్ బ్రేకర్‌కే గంజు ఎగిరింది. బండి వెనక రోడ్డంతా పసుపు చారలు. టీ బండి దగ్గర పుస్తకాలు చంకలో పెట్టుకున్న కోచింగ్ పిల్లలు తాగడం ఆపి చూశారు. ఒక ముసలామె చేతులు జోడించి, "ఏం మొక్కు బిడ్డా?" అని అడిగింది. "మా బావ మొక్కు పెద్దమ్మా" అంది చిన్నమ్మ. ఆ రోజు నుంచి మా సందులో దానికి పసుపునీళ్ల బండి అని పేరు పడింది.

ఇంటికొచ్చి గుడ్డ విప్పితే సగం పచ్చగా ఉంది. ఉతికి డాబా మీద ఆరేసింది. నేను సబ్బు ఇంకొంచెం పెట్టమంటే నవ్వింది. "పసుపు మరక సబ్బుకు పోదు బిడ్డా. ఎండకు పోతది." సాయంత్రానికి గుడ్డ తెల్లబడింది. మళ్లీ పరీక్షకు సిద్ధం.

గట్టి పట్టీలు తీయించి మెత్తవి వేయించింది. ఈసారి గుడ్డ మెరుగే, కానీ అడిక్‌మెట్‌లో ఒక గృహప్రవేశానికి పూర్తి బరువుతో పోతే, ఎత్తు ఎక్కే దగ్గర బండి వెనక భాగం కుంగి సైలెన్సర్ రోడ్డుకు రాసుకుంది. తారు రోడ్డు మీదే ఇలా అయితే బండరాళ్ల మీద చెప్పేదేముంది. మెకానిక్ అన్న తల పట్టుకున్నాడు. "మెత్తగ కావాలంటవ్, గట్టిగ కావాలంటవ్. రెండెట్లయితదక్కా? జర పరేషాన్ చెయ్యకు నన్ను."

"మనిషి ఇంట్ల ఒక తీరు, బయట ఒక తీరు ఉంటడు. బండెందుకుండదు తమ్మీ?" అంది చిన్నమ్మ.

ఆయన నవ్వాడు, తర్వాత నవ్వడం ఆపి ఆలోచనలో పడ్డాడు. మెత్తటి పట్టీలు అలాగే ఉంచి, వాటికి తోడుగా ఒక మందపాటి పట్టీని కొంచెం ఎడంగా బిగించాడు. బండి ఖాళీగా ఉంటే దానికి పని లేదు. బరువు పడి మెత్తవి వంగినప్పుడు అది అందుకుంటుంది. కొత్త షాక్ అబ్జార్బర్లు వేశాడు. రాక్షసుడి టైర్లు పోయి, గాడులున్న మామూలు టైర్లు వచ్చాయి. రాళ్ల మీద వాటిలో గాలి తగ్గించి, తారు రోడ్డెక్కాక మళ్లీ నింపుకోవడానికి చిన్న పంపు కొన్నది. బిగుసుకున్న లివరు కదిలింది. బంపరు, లైట్లు పీకించేసింది. "బండి పోవుడు కాదు తమ్మీ, బండ్ల ఉన్నది పోవాలె" అంది. ఆ మాట ఆయన ఇప్పటికీ తన షెడ్డులో వచ్చినవాళ్లందరికీ తన మాటలాగా చెబుతాడు.

చివరగా ముందు తలుపు కింద ఒక ఇనుప మెట్టు, తలుపు పక్కన పట్టుకోవడానికి ఒక పిడి పెట్టించింది. ఎందుకని అడిగాను. "మా అక్కకు మోకాళ్లు నొస్తయ్ గద" అంది. అమ్మను అప్పటికింకా రమ్మని అడగనే లేదు. అడిగే ధైర్యం లేని మనిషి మెట్టు మాత్రం ముందే కట్టించి పెట్టుకుంది. మా చిన్నమ్మ అంటే నాకు అదే.

గంజు జారకుండా పాత లారీ టైరును బండి వెనక ట్రేలో పడుకోబెట్టి, దాని నడుమ గంజును కూర్చోబెట్టింది. అయినా ప్రతి పరీక్షలోనూ గుడ్డ అంచున సన్నటి పసుపు గీత. బండి కుదురుకుంది గానీ, గంజులో నీళ్లు కుదురుకోలేదు. సంవత్సరీకం దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం ఆ గుడ్డ చేతిలో పట్టుకుని మా ఇంటికొచ్చింది. అమ్మ వంటింట్లో చింతపండు గింజలు తీస్తోంది. చిన్నమ్మ గడప దగ్గరే నిలబడి, "ఇగ నాతోని కాదక్కా. చారు ఒక్కటి అక్కడే వండుదం, నీళ్లు డ్రమ్ముల మోసుకపోదం" అంది.

అమ్మ తలెత్తలేదు. "బాయి కాడికెల్లి బిందెలు మోసేటప్పుడు ఏం చేసేటోళ్లమే మనం?"

చిన్నమ్మ గడప దాటి లోపలికొచ్చింది. అమ్మే చెప్పింది.

"నీళ్ల మీద ఆకులేసేటోళ్లం గద, తొణకకుండ. అరటాకు గుండ్రంగ కోసి చారు మీద పరుచు. వేడికి మెత్తబడి అతుక్కుంటది."

చిన్నమ్మ అక్కడే కూలబడింది. "గీ ముచ్చట ఇన్నొద్దులు ఎందుకు చెప్పలేదే?"

"నువ్వడిగినవా?"

"నువ్వు కోపంల ఉన్నవనుకున్న. ఆ పొద్దు ఒక్క మాటనకపోతివి."

"తిట్టెతందుకు బలమెక్కడిదే నాకప్పుడు?" అంది అమ్మ. ఇద్దరూ ఏడ్చారు. తర్వాత చిన్నమ్మ పీట లాక్కుని చింతపండు సగం తన ముందుకు జరుపుకుంది.

సంవత్సరీకం రోజు పొద్దున అమ్మ ఇనుప మెట్టు మీద కాలుపెట్టి, పిడి పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా బండెక్కింది. నేను వెనక ట్రేలో గంజు పక్కన. తారు రోడ్డు దిగగానే చిన్నమ్మ ఆపి, టైర్లలో గాలి తగ్గించి, లివరు లాగింది. బండి మనిషి నడకంత వేగంతో ఒక్కో రాయినీ ఎక్కి దిగుతోంది. వాగు దాటాక, ఆనాడు ట్రాలీ ఒరిగిన చోట ఆగిపోయింది. వెనక అద్దంలోంచి చూశాను. చిన్నమ్మ గేరు రాడ్డు మీద చేయి పెట్టి గట్టు వైపే చూస్తోంది. అమ్మ ఆ చేతి మీద తన చేయి వేసింది. "పోనియ్యే. ఒలికితే మళ్ల వండుకుందం."

బండి గట్టెక్కింది.

చెలకలో దిగాక చిన్నమ్మ గంజు వైపు చూడలేదు. "గుడ్డ నువ్వే చూడక్కా" అని అటు తిరిగి నిలబడింది. అమ్మ ముడి విప్పింది. గుడ్డ పొద్దున కట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. మొదటి విస్తరి నాన్నకు పెట్టింది. రెండోది పరిచి, అన్నం పెట్టి, చారు పోసి, "కూసో. ముందు నువ్వు తిను" అంది. చిన్నమ్మ తినలేక తింటుంటే, పక్కనే నిలబడి మళ్లీ పోసింది.

ఆ తర్వాత ఆ బండి చేయని పని లేదు. కూరగాయలు, గంజులు సరే. గది మారే కోచింగ్ పిల్లల మంచాలు, పెట్టెలు మోసేది. కవాడిగూడ సందుల్లో వాన నీళ్లు నిలిచి ఆటోలు రానన్నప్పుడు నిండు చూలాలిని ఆసుపత్రికి చేర్చింది. సందులోని ముసలివాళ్లందరూ ఆ మెట్టు మీద కాలుపెట్టినవాళ్లే. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా అందులోనే, కానీ పక్క సీట్లో కూర్చుని కాదు. వెనక ట్రేలో, పసుపునీళ్ల గంజు మూత మీద చేయి వేసి కూర్చుని అరిచేది. నేనెవరికైనా తగిలిస్తానేమోనన్న భయం ఆమెకు లేదు, ఆమె చూపంతా గుడ్డ మీదే. "ఇంకో సుట్టు తిప్పు" అనేది. ఎన్ని చుట్లు తిప్పినా నా గుడ్డ ఎప్పుడూ పూర్తి తెల్లగా రాలేదు.

చిన్నమ్మ పెద్దకర్మ భోజనాలు మా చెలకలోనే పెడదామని అమ్మ అంది. "ఏటా వచ్చిన జాగనే గద" అని చిన్నాయన ఒప్పుకున్నాడు. చారు అమ్మ వండింది. మెకానిక్ అన్న పొద్దున్నే వచ్చి, ఎవరూ అడగకుండానే టైర్లు, పట్టీలు చూసి, మెట్టు మీది మట్టి తుడిచి వెళ్లాడు. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. గేరు రాడ్డు ఖాళీగా ఉంది. నా గాజులు తీసి తగిలించాను. అమ్మ పక్కన కూర్చుంది. వాగు దగ్గర అమ్మ నా చేతి మీద చేయి వేసింది.

చెలకలో గుడ్డ విప్పి చూస్తే, ఒక అంచున రూపాయి బిళ్లంత పసుపు మరక. అమ్మ దాన్ని చాలాసేపు చూసింది. "మీ చిన్నమ్మైతే ఇంకో సుట్టు తిప్పిచ్చేది నీతోని" అంది. అందరూ కడుపునిండా చారు పోసుకుని తిన్నారు.

ఇంటికొచ్చి గుడ్డ ఉతికాను. బయట వాన వెలిసి మంచి ఎండ కాస్తోంది. నేను దాన్ని నీడలో ఆరేశాను.